పురిటికి పుట్టింటికే!

ఉద్దానం అనగానే కొబ్బరి తోటలు గుర్తొస్తాయి. పలాస అంటే జీడిపప్పు. ఆ తోటలు దాటి తీరానికి వెళితే మరో సంపద ఉంది. ఏటా జనవరి నుంచి మార్చి దాకా, టెక్కలి దగ్గరి భావనపాడు మొదలు సోంపేట దగ్గరి బారువ వరకూ రాత్రివేళ ఆడ తాబేళ్లు చడీచప్పుడు లేకుండా ఒడ్డెక్కుతాయి. ఇసుక తోడి, ఒక్కోటీ సుమారు వంద గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి వెళ్లిపోతాయి. ఇవే ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు.

పసిఫిక్‌లోనూ, అట్లాంటిక్‌లోనూ ఈ తాబేళ్లున్నాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. మరి ఇక్కడ కొన్ని చనిపోతే ఏమవుతుంది? సముద్రాల నిండా బోలెడున్నాయి కదా! అలా అనుకోవడానికి వీల్లేదని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన తేల్చింది.

మన ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వచ్చినట్టే ఆడ తాబేలు కూడా తను పుట్టిన తీరం వైపే వచ్చి గుడ్లు పెడుతుంది. కణాల్లోని మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. కాబట్టి దాన్ని పరిశీలిస్తే ఏ తాబేలు ఏ పుట్టింటిదో తెలుసుకోవచ్చు. కార్తీక్‌ శంకర్‌, లాల్జీ సింగ్‌ తదితరులు చేసింది అదే. 2004లో ఫలితాలు వెలువడ్డాయి. మన తూర్పు తీరపు తాబేళ్లలో దాదాపు 96 శాతం మరెక్కడా కనిపించని వంశానికి చెందినవట. పొరుగునున్న శ్రీలంక తాబేళ్లు కూడా వేరే! అంతేకాదు, నేడు ప్రపంచమంతా ఉన్న ఆలివ్‌ రిడ్లేలకు మూలం హిందూ మహాసముద్రపు వంశాలేనని ఆ పరిశోధన సూచించింది. తూర్పు తీరం పొడవునా ఉన్నది మాత్రం ఒకే కుటుంబం. ఒడిశాలోని రుషికుల్య దగ్గర లక్షల్లో గుమిగూడే తాబేళ్లూ, బారువలో ఒంటరిగా ఒడ్డెక్కే తాబేలూ చుట్టాలే.

సముద్రంలో కంటికి కనిపించేది ఒకటి, డీఎన్‌ఏ చెప్పేది ఒకటి. ఆస్ట్రేలియాలోని షార్క్‌ బేలో 180 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న సముద్రగడ్డి మొత్తం ఒకే మొక్క అని 2022లో బయటపడింది! 4,500 ఏళ్లుగా పాకుతూ అంత పెరిగిందని అంచనా. అక్కడ వేర్వేరు అనుకున్నవి ఒకటే అయ్యాయి. ఇక్కడ ఒకటే అనుకున్నవి వేరయ్యాయి. ఏది ప్రత్యేకమో తెలిస్తేనే కదా, దేన్ని ముందు కాపాడుకోవాలో తెలిసేది!

తాబేలు గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రావాలి. మరబోట్ల ట్రాల్‌ వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. వలకు ఇనుప చువ్వల చట్రం అమరిస్తే రొయ్యలు లోపలికి జారిపోతాయి, తాబేలు బయటపడుతుంది. చేపలు కూడా పోతాయేమోనని మత్స్యకారుల భయం. వేట నిషేధం ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకే. అంటే, తల్లులు ఎక్కువగా ఒడ్డుకొచ్చే నెలల్లో ఆ రక్షణ లేనట్టే.

ఒడ్డున కుక్కలు, నక్కలు గుడ్లు తవ్వేస్తాయి. అందుకే అటవీశాఖ వాటిని సేకరించి కంచె కట్టిన చోట పొదిగిస్తోంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అలా వదిలిన ఆడపిల్ల తల్లయి తిరిగి రావాలంటే పదేళ్లకు పైనే పడుతుంది. కాబట్టి ఒక్క తల్లి తాబేలు చనిపోయినా నష్టం ఎక్కువే.

తీరంలో తాబేలు కనిపిస్తే టార్చి వేయొద్దు, చుట్టూ మూగొద్దు. గుడ్లు తీయొద్దు. అటవీ సిబ్బందికి కబురు చేస్తే చాలు.