పేరు తెలిసిన ఖాతా

ఒరాకిల్ డేటాబేస్ సర్వరును పరీక్షింపబూనినవాడు పాస్‌వర్డులకంటె ముందుగా ఖాతాల పేర్లనే వెదకును. ఆ సంస్థ తొలినాటి ఉద్యోగియగు బ్రూస్ స్కాట్ పేరిట 'స్కాట్' అను ఖాతాయు, ఆయన పిల్లి పేరిట 'టైగర్' అను పాస్‌వర్డును లోకవిదితములై యుండియు, వానిని మార్పక విడిచిన నిర్వాహకుని అలసత్వమును నేను క్షమింపజాలను. అంతకంటె సూక్ష్మమైన దోషము మఱియొకటి కలదు: కొన్ని పాత వెర్షనులలో, ఉన్న ఖాతా పేరు చెప్పినచో సర్వరు సెషన్ కీని పంపును, లేని పేరు చెప్పినచో పంపకయే నిరాకరించును, పాస్‌వర్డు అడుగుటకు ముందే వెలువడు ఈ ప్రత్యుత్తరభేదము, ఎవరెవరికి లోన ఖాతాలున్నవో బయటివానికి తెలియజేయును. ఇక అల్పాధికారముతో లోనికి ప్రవేశించినవానికిని 'ఆల్ యూజర్స్' అను వ్యూ ఆ పేర్లను చూపును. కావున నిర్వాహకులారా, అక్కఱలేని ఖాతాలను నేడే లాక్ చేయుడు, తక్కినవాని పాస్‌వర్డులను మార్పుడు.