నూటికి నూరు: ఎక్కడ కొలిచారు?

కర్బన పదార్థాల పలుచని పొరలలోకి విద్యుత్తు పంపి తెల్లని వెలుగు పుట్టించే దీపాలున్నాయి. వాటిని గురించి చదివేటప్పుడు “దక్షత నూటికి నూరు” అనే మాట మీకు ఎదురవుతుంది. వెంటనే చప్పట్లు కొట్టకండి. ఎక్కడ కొలిచారో అడగండి.

ఆ నూరు అబద్ధం కాదు. 1987లో కొడాక్ కంపెనీ శాస్త్రజ్ఞులు టాంగ్, వాన్ స్లైక్ ఇటువంటి దీపాన్ని పది వోల్టుల లోపే వెలిగించి చూపారు. అయితే అందులో విద్యుత్తు వల్ల ఉత్తేజితమైన అణువులలో నాలుగింట ఒకటే కాంతినివ్వగలదు. మిగిలిన మూడింటి శక్తి వేడిగా పోయేది. 1998 నుంచి ప్లాటినం, ఇరిడియం వంటి బరువైన లోహాలున్న అణువులను కలిపి ఆ మూడింటినీ వెలిగించడం నేర్చుకున్నారు. నూరు వచ్చింది, కాని దీపం లోపల!

అబ్దుల్లాపూర్‌మెట్ పిల్లలకు ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు తెలిసే ఉంటుంది. రాత్రివేళ ఆ నీటి అడుగున ఒక టార్చిలైటు వెలుగుతున్నదనుకోండి (వెళ్ళి ముంచమని కాదు సుమా!). నిటారుగా పోయే కిరణం బయటికి వస్తుంది. లంబానికి 49 డిగ్రీలకు మించి వాలిన కిరణానికి మాత్రం నీటి పైతలమే అద్దమై, దానిని తిరిగి లోపలికి పంపేస్తుంది. ఇదే సంపూర్ణాంతర పరావర్తనం. నీటి వక్రీభవన గుణకం 1.33; కర్బన పొరలది సుమారు 1.7. కనుక అక్కడ హద్దు 36 డిగ్రీలే. సాదా గాజుపలక మీద చేసిన దీపంలో పుట్టిన కాంతిలో దాదాపు అయిదో వంతే మీ పుస్తకం మీదికి వస్తుంది. మిగిలినది పొరలలో, గాజులో, లోహపు ఎలక్ట్రోడు వద్ద చిక్కుకుని చాలావరకు వేడిగా మారుతుంది.

తెలుపుకు ఇంకో చిక్కుంది. అందులో నీలం కూడా ఉండాలి కదా! నీలానికి సరిపడే వోల్టేజీ ఎరుపుకు ఎక్కువ. ఆ మిగులు కూడా వేడే. పైగా నీలపు అణువులు త్వరగా పాడవుతాయి.

కొత్త అణువు కనిపెట్టిన వారికి దక్కే పేరు గాజు పలకను బాగుచేసిన వారికి దక్కదు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు తమ తెల్లని దీపానికి ఎక్కువ వక్రీభవన గుణకం గల గాజు వాడి, దాని పైతలాన్ని కూడా మార్చి, వాటుకు 90 ల్యూమెన్‌లు రాబట్టారు. అంటే ట్యూబులైటుతో సమానం! చిక్కుకున్న కాంతికి దారి చూపకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

ఈసారి మీ ఇంట్లో బల్బు కొన్నప్పుడు డబ్బా తిప్పి చూడండి. పెద్దలు వాట్లు చూస్తారు. మీరు ల్యూమెన్‌లు చూడండి; అది బయటికి వచ్చిన కాంతి లెక్క. దానిని వాట్లతో భాగించి, వచ్చిన అంకెను వాళ్ళకు చూపించండి.