ఇంటి బీమా కడితే ఆదాయపు పన్ను తగ్గుతుందా?

సనత్‌నగర్‌లో ఇల్లు అద్దెకిచ్చి, ఊళ్లో సేద్యం చేసుకుంటున్న రైతులు గమనించాలి. ఇంటి బీమా ప్రీమియంతో పన్ను తగ్గదు. 80సి, 80డి మినహాయింపులు జీవిత, ఆరోగ్య బీమాలకే.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా అని ఇంటి అద్దెను అందులో కలిపి చూపకండి. అది వ్యవసాయ ఆదాయం కాదు. నెలకు రూ.10,000 చొప్పున ఏడాదికి రూ.1,20,000 అద్దె వచ్చిందనుకుందాం. మీరు కట్టిన మున్సిపల్ ఆస్తి పన్ను రూ.6,000 తీసేస్తే రూ.1,14,000. అందులో 30 శాతం, అంటే రూ.34,200 ఖర్చుల కింద చట్టమే మినహాయిస్తుంది. బీమా చేయించినా, చేయించకపోయినా అంతే. మిగిలిన రూ.79,800 మీ ఆదాయంలో కలుస్తుంది. అదే ఇంటి ముందు గదిలో మీరే కూరగాయల దుకాణం నడుపుతూ జమాఖర్చులు రాస్తుంటే, ఆ గది వరకు ప్రీమియాన్ని వ్యాపార ఖర్చుగా చూపవచ్చు.

2025-26 నుంచి కొత్త విధానంలో అద్దె వంటి మామూలు ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే పన్నే పడదు. చిన్న రైతుల్లో చాలామందికి ఈ లెక్కలతో పనే లేదు.

అయినా బీమా చేయించండి. 2020 అక్టోబరు వరదలు గుర్తున్నాయి కదా! భారత్ గృహ రక్ష పాలసీ అగ్నిప్రమాదం, వరద, భూకంపాలకు వర్తిస్తుంది. అమీర్‌పేట చుట్టుపక్కల స్థలం ధరే ఎక్కువ. దాన్ని కలపకుండా, ఇల్లు తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చుకే బీమా రాయించండి.