గ్రీన్ లోన్ ముందు గ్రామసభకు రావాలి

సారపాక కాగితం మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్రతో పోయే లారీలను మనం రోజూ చూస్తాం. ఆ కర్రలో కొంత మన గూడేల చేలల్లో పెరిగిందే. ఇప్పుడు బ్యాంకులు 'గ్రీన్ లోన్' అని కొత్తగా మాట్లాడుతున్నాయి గానీ, బూర్గంపాడు చుట్టుపక్కల చెట్టును పెట్టుబడి లెక్కన చూడటం పాత సంగతే. మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని ఐటీసీ సామాజిక వనాల ప్రాజెక్టు, సుమారు 3 వేల హెక్టార్లు, ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం కింద నమోదైంది. చెట్టు పీల్చిన కార్బన్‌కు కూడా లెక్క కట్టే దారి అట్లా పడింది.

ఆ చెట్ల వల్ల మనోళ్లకు ఏమీ రాలేదని నేను అనను. పడావు పడ్డ చెలకలో నాలుగేళ్లకు ఒకేసారి చేతికొచ్చిన డబ్బు పిల్ల పెళ్లికో, ఇంటి పైకప్పుకో అక్కరకొచ్చింది. కానీ ఆ నాలుగేళ్లు ఇల్లు గడిచేదెట్లా? చెట్లు నీడ పట్టాక సందుల్లో కంది, జొన్న సరిగా రావు. నిప్పంటుకుంటే నష్టం రైతుదే. కొనేవాళ్లు కొద్దిమందే ఉన్నచోట ధర చెప్పేది అమ్మేవాడు కాదు. ఇక కార్బన్ సంగతి: ఆ పద్ధతిలో అడవి పెంపకానికిచ్చే క్రెడిట్లు గడువున్న తాత్కాలిక క్రెడిట్లే. ఐరోపా కార్బన్ మార్కెట్ వాటిని తీసుకోనే లేదు. ఎక్కడో కూర్చుని రాసుకున్న నిబంధన మన చెట్టు విలువను తేల్చేస్తుంది.

రిజర్వు బ్యాంకు గ్రీన్ డిపాజిట్ల నిబంధనలు 2023 జూన్ 1 నుంచి అమల్లోకొచ్చాయి. ఆ డబ్బు దేనికి పెట్టొచ్చో చెప్పే జాబితాలో సౌర విద్యుత్తుతో పాటు భూమి వాడకం, అడవి, జీవవైవిధ్యం కూడా ఉన్నాయి. అంటే కాగితం మీద మన ఇప్పచెట్టుకూ చోటుంది. బ్రాంచిలో మాత్రం లేదు. మా పెదనాన్న ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా పట్టుకుని ఒక బ్యాంకుకు పోతే "ఇది కాదు, పాస్‌బుక్ తే" అని పంపేశారు. పోడు పట్టా అమ్మరాదు, మరొకరికి బదలాయించరాదు అని అటవీ హక్కుల చట్టమే చెప్పింది. బ్యాంకుకు అది లోపంగా కనపడుతుంది, మనకైతే భూమి చేజారకుండా ఆపే గోడ. పైగా 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టే అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇంకేం సాకు?

పోడు భూములకు సోలార్ పంపుసెట్లిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకం 2025 మేలో మొదలైంది. 6 లక్షల ఎకరాలకు 12,600 కోట్లు అన్నారు. అది అప్పు కాదు, పూర్తి సబ్సిడీ. మంచిదే. నీళ్లొచ్చాక విత్తనానికి, ఎరువుకు పెట్టుబడి ఎవరిస్తారు? బ్యాంకు ఇవ్వకపోతే మళ్లీ పత్తికో మిర్చికో షావుకారు దగ్గరికే పోవాలి. మందు అప్పిచ్చినోడే పంట తూకం వేస్తాడు. సోలార్ నీళ్లతో పండినా ఆ అప్పు పచ్చగా ఉండదు.

భద్రాచలంలో ఆడవాళ్ల సంఘాలు చిరుధాన్యాల బిస్కెట్లు చేసి అమ్ముతున్నాయి. ఇప్పపువ్వు ఆరబెట్టే కళ్లాలకు, చింతపండు నిల్వ చేసే గదికి, సామూహిక అటవీ హక్కులున్న ఊరు తన అడవిని కాపాడుకునే ఖర్చుకు గ్రీన్ లోన్ ఎందుకివ్వరు? కిస్తీ ప్రతి నెలా కాకుండా ఇప్పపువ్వు, తునికాకు చేతికొచ్చాక పెట్టొచ్చు కదా.

ఇంకో మాట, చాలామందికి తెలియదు. 1996 పెసా చట్టం సెక్షన్ 4(ఎం)లో షెడ్యూల్డ్ తెగలకిచ్చే వడ్డీ అప్పుల మీద నియంత్రణ గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని రాసుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. కంపెనీ అయినా బ్యాంకైనా మన భూమిలో చెట్టుకు అప్పిస్తామంటే ముందు గ్రామసభలో కాగితం చదవమనండి. కర్ర ధర ఎవరు తేలుస్తారు, చెట్టు కాలిపోతే అప్పు ఎవరిది, కార్బన్ క్రెడిట్ ఎవరి పేరున ఉంటది? ఈ మూడింటికీ జవాబు తెలుగులో, కోయలో చెప్పాకే వేలిముద్ర అడగాలి.