లీటరుకి ఒక్క గ్రామే!

ఆవకాయలో ఉప్పు తగ్గితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు తిరక్కుండా బూజు పడుతుంది. ఇంట్లో చేసుకునే గిన్నెలు తోమే లిక్విడ్ కూడా అంతేనండీ. అందులో ఎక్కువ భాగం నీళ్ళే. నీళ్ళున్న చోట క్రిములు చేరతాయి.

పోయిన వేసవిలో పక్కింటి వదినగారూ నేనూ కలిసి ఇరవై లీటర్లు తయారుచేశాం. మూడు వారాలకి మురుగు వాసన, పైన తెట్టు. డబ్బంతా బూడిదలో పోసినట్టయింది. రసాయనాలమ్మే కొట్లో అడిగితే "ఇది కలపండమ్మా, పాడవదు" అని చిన్న సీసా ఇచ్చాడు. దాని మీద ఐసోథయాజోలినోన్, 1.5 శాతం అని ఉంది.

మళ్ళీ తయారుచేసినప్పుడు ఉప్పు వేసినట్టే చేతి అంచనాతో వంపేశాను. వేళ్ళ మీదుగా కారితే కొంగుతో తుడిచేసుకున్నాను. రెండో రోజుకి వేళ్ళ సందులు ఎర్రబడి, దురద, నీటి పొక్కులు! డాక్టరుగారు సీసా తెప్పించి చూసి, "ఈ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే వదలదమ్మా" అన్నారు. ఇప్పుడు షాంపూ కొనాలన్నా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదువుకోవాల్సి వస్తోంది.

అలాగని ఈ మందు చెడ్డదని కాదు. షాంపూలు, గోడలకి వేసే నీటి రంగులు పాడవకుండా కాపాడేది ఇలాంటివే. కొలతే ప్రాణం. ఉప్పు ఎక్కువైతే నాలిక చెబుతుంది. ఇది ఎక్కువైతే చర్మం చెప్పేదాకా తెలియదు. 1.5 శాతం సీసా అయితే లీటరుకి 1 గ్రాము, అంటే పది లక్షల పాళ్ళలో 15 పాళ్ళు. ఒంటికి రాసుకుని కడిగేసుకునే వాటికి ఐరోపా దేశాల్లో పెట్టిన హద్దు కూడా ఇదే. సీసా మీద శాతం వేరైతే లెక్క మారుతుంది, చూసుకోండి.

నేను ఇప్పుడు పాటిస్తున్నవి:

* రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని, గాలి ఆడే చోట చిన్న కాటా మీద తూచడం.
* లిక్విడ్ బాగా చల్లారాకే కలపడం. వేడిలో మందు పని తగ్గిపోతుంది.
* చర్మం మీద పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడగడం. కంట్లో పడితే పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళడం.
* మంచినీళ్ళ సీసాల్లోకి మార్చకపోవడం. మిగిలింది కాలవలో పారబోయకపోవడం, చేపలకి విషం.

ఇంకొక్క మాట. దక్షిణ కొరియాలో గది గాలి పొడిబారకుండా ఆవిరి చిమ్మే యంత్రాల నీళ్ళలో పోయడానికి 1994 నుంచి క్రిములు చంపే మందులు అమ్మారు. 2011లో గర్భిణులకీ పసిపిల్లలకీ ఊపిరితిత్తులు పాడైపోతుంటే అప్పుడు కారణం బయటపడింది. ఎన్నో ప్రాణాలు పోయాయి. వాటిల్లో ముఖ్యమైనది పీహెచ్‌ఎంజీ అనే మందు. కొన్ని సీసాల్లో మనం చెప్పుకున్న ఐసోథయాజోలినోన్ కూడా ఉంది. కడిగే పనికి వాడేదాన్ని పీల్చే గాలిలో కలిపారు, అదీ జరిగింది. కాబట్టి కూలర్ నీళ్ళు వాసనొస్తున్నాయని ఈ మందు పోయకండి. తొట్టి కడిగి నీళ్ళు మార్చండి, చాలు.

మా సీసా ఇప్పుడు వదినగారింట్లో పై అరలో, తాళం లోపల ఉంది. మీ ఇంట్లోదో? ఈ పూటే ఒకసారి చూసుకోండి.