ఋణగ్రస్తుల సాక్ష్యము

"అప్పుచేసి పప్పుకూడు" అను సామెత మన నాలుకలపై నిలిచియున్నంతకాలము ఋణగ్రస్తుడు విచారణకు ముందే శిక్షపడిన ముద్దాయి. వాడు రుచులకు మరిగి చెడెనని లోకము తీర్పు చెప్పును. ఋణదాత యా తీర్పును అమలు జరుపును. వాడును సిగ్గుచే తలవంచుకొని దానిని అంగీకరించును. ఈ మువ్వురిలో నెవ్వరును సాక్ష్యము నడుగరు. వాడేల అప్పు చేసెను? ఎంత చేసెను? ఎంత తీర్చెను? తీర్చినకొలది అది ఏల పెరిగెను? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములను ఓపికతో వ్రాసిపెట్టిన చోట శాసనములు మారినవి. ఇది ఊహ గాదు. బ్రిటను దేశమున ఋణగ్రస్తులకు ఉచితముగ సలహా యిచ్చు ధర్మసంస్థల చరిత్ర దీనికి ప్రత్యక్ష నిదర్శనము. ఆ చరిత్రను ఈ వారము చదువరుల యెదుట నుంచదలచితిమి.

1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటను యుద్ధము ప్రకటించెను. మరునాడే దేశమున సుమారు 200 పౌరసలహా కార్యాలయములు తెరువబడినవి. నేడు సిటిజన్స్ అడ్వైస్ అను పేర నున్న ఆ సంస్థకు రెండు ఆశయములు గలవు. వచ్చినవానికి సలహా చెప్పుట యొకటి. ప్రజల బ్రదుకులను బాధించు విధానములను, పద్ధతులను సంస్కరింపజేయుట రెండవది. ఈ రెండవ ఆశయమే మనకు ముఖ్యము. కేవలము ఋణబాధితులకొరకే 1993లో స్థాపింపబడి, 2012నుండి స్టెప్‌చేంజ్ అను పేర ప్రసిద్ధికెక్కిన సంస్థయు నీ మార్గముననే నడచుచున్నది.

వీరి పద్ధతి మిక్కిలి సామాన్యము. అప్పులపాలైనవాడు వచ్చినప్పుడు సలహాదారు మొదట వాని ఆదాయవ్యయముల పట్టిక వ్రాయును. జీతమెంత, అద్దె యెంత, తిండికెంత, పొయ్యికిని దీపమునకును ఎంత, పిల్లలకెంత, ఎవరెవరికి ఎంతెంత బాకీ, అది ఎట్లు వచ్చెను. 2017నుండి ఆ దేశపు సలహాసంస్థలు ఒకే నమూనా పట్టికను అవలంబించినవి; ఋణదాతలలోను పలువురు దానిని అంగీకరించినారు. ఈ పట్టిక మొదట ఒక రోగి చికిత్సకొరకు వ్రాయబడిన చీటీ వంటిది. అట్టివి లక్షలకొలది ప్రోగుపడగా అదియే దేశమునకు పట్టిన వ్యాధియొక్క నిదానమైనది.

ఆ నిదానము మన సామెతను సమర్థింపలేదు. అప్పునకు కారణమడుగగా ఉద్యోగము పోయెననియు, జబ్బు చేసెననియు, రాబడి తగ్గెననియు, కాపురము విడిపోయెననియు చెప్పినవారే యెక్కువ; ఇటీవలి సంవత్సరములలో జీవనవ్యయము పెరుగుట ప్రధాన కారణముగ కనబడుచున్నది. ఖర్చును అదుపులో నుంచుకొనలేకపోతిమని చెప్పినవారును గలరు. ఆ మాటను స్టెప్‌చేంజ్ సంస్థ దాచక ప్రకటించుచున్నది. సాక్షి తనకు ప్రతికూలమైన సంగతిని గూడ చెప్పినప్పుడే వాని తక్కిన సాక్ష్యమునకు బలము కలుగునని న్యాయస్థానములలో తిరుగువారందరు నెరుగుదురు.

ఈ సాక్ష్యము శాసనముగ మారిన తీరునకు మొదటి ఉదాహరణము జీతపురోజు అప్పులు. 2008 తరువాతి యేండ్లలో, వచ్చు నెల జీతముపై చిన్నమొత్తముల నప్పిచ్చు సంస్థలు ఆ దేశమున పుట్టగొడుగులవలె లేచినవి. వానిలో పేరుమోసిన వోంగా అను సంస్థ తన ప్రకటనలలోనే వార్షికపు రేటు 5,853 శాతమని చూపెను. కొలది దినములకిచ్చు అప్పునకు సంవత్సరపు లెక్క కట్టుట అన్యాయమని ఋణదాతలు వాదించిరి. ఆ వాదము పైకి సబబుగనే తోచును. సలహాదారుల పట్టికలు దాని గుట్టు బయటపెట్టినవి. కొలది దినముల అప్పు కొలది దినములలో తీరుట లేదు. ఒకదానిని తీర్చుటకు మరియొకటి, దానికై వేరొకటి. జీతము బ్యాంకులో పడగానే ఋణదాత తన పాలు ముందుగ లాగుకొనుటచే అద్దెకును అన్నమునకును మిగులుట లేదు. 2012లో ఋణదాతల సంఘములు తమంతట తామే సత్ప్రవర్తన నియమములను ప్రకటించుకొనినవి. సిటిజన్స్ అడ్వైస్ ఆ నియమముల నొక్కొక్కదానిని ఎత్తి, అప్పు తీసికొనినవారిని విచారించి, 14 వాగ్దానములలో 12 భగ్నమైనవని 2013లో ప్రకటించెను. వారి ప్రతిజ్ఞాపత్రమే వారిపై అభియోగపత్రమైనది!

ఆ సంవత్సరముననే పార్లమెంటు శాసనము చేసి, అప్పుల ఖర్చునకు హద్దు విధింపవలసిన బాధ్యతను ఆర్థికవ్యవహారముల నియంత్రణాధికారులపై నుంచెను. 2015 జనవరి 2నుండి ఆ హద్దు అమలులోనికి వచ్చెను. రోజునకు నూటికి 0.8 మించరాదు, గడువు తప్పినందుకు 15 పౌండ్లు మించరాదు, వడ్డీయు తక్కిన రుసుములును అన్నియు కలిసి అసలును మించరాదు. ఈ కడపటి నియమము మనకు క్రొత్తది గాదు. వడ్డీ అసలును మించరాదని మన ప్రాచీన ధర్మశాస్త్రములు చెప్పియున్నవి.

ఇట్లు హద్దు పెట్టినచో బీదవారు దొంగచాటు వడ్డీవ్యాపారుల వాత పడుదురని కొందరు హెచ్చరించిరి. నియంత్రణాధికారులు 2017లో మరల విచారించి, అట్లు జరిగినట్లు నిదర్శనము లేదనియు, అప్పుచేసినవారు తక్కువ ఖర్చుతో సకాలమున తీర్చుచున్నారనియు, ధర్మసంస్థల శరణు జొచ్చువారు తగ్గిరనియు తేల్చిరి. వోంగా సంస్థ 2018 ఆగస్టులో మూతపడెను. దాని మరియొక చరిత్ర న్యాయవాదులకు సిగ్గు గొల్పునట్టిది. లేని న్యాయవాదుల పేర నది ఋణగ్రస్తులకు బెదరింపు లేఖలు పంపినట్లు 2014లో బయటపడగా, సుమారు 45,000 మందికి 26 లక్షల పౌండ్లకు పైగా పరిహార మీయవలసివచ్చెను.

రెండవ ఉదాహరణము ఇంకను చిన్న విషయము. చిన్నదగుటచేతనే మిక్కిలి బోధకరము. 1974 నాటి శాసనము క్రింద, 1983 నాటి నిబంధనల ననుసరించి పంపవలసిన బాకీనోటీసులలో ముఖ్యవాక్యములు ప్రస్ఫుటముగ నుండవలెను. ఋణదాతలు వానిని ఆంగ్లపు పెద్దక్షరములలో అచ్చువేయుచుండిరి. మన లిపిలో అట్టి భేదము లేదు గాని, ఆంగ్లము చదువువానికి అది ముఖముమీద అరచినట్లే తోచును. 2016లో స్థాపింపబడి, అప్పునకును మనోవ్యాధికిని గల సంబంధమును శోధించు నొక సంస్థ, ఇంగ్లండులో ఏటేట లక్షకు పైబడిన జనులు అప్పుల బాధలో నుండగా ఆత్మహత్యకు ప్రయత్నించుచున్నారని 2018లో అంచనా కట్టెను; అట్టి స్థితిలో నున్నవారి చేతికి ఈ నోటీసులు ఏమి చేయుచున్నవో వారి మాటలలోనే చూపెను. 2020 డిసెంబరులో నిబంధనలు మారినవి. అరపు పోయినది, కఠినపదములకు సులభపదములు వచ్చినవి, ఉచితసలహా దొరకు చోటును నోటీసులోనే తెలుపవలసి వచ్చినది. ఇందువలన ఏ ఋణదాతకును ఒక్క పెన్నీ నష్టము లేదు. అయినను ఎవరో కూర్చుండి లెక్కించి చూపువరకు ముప్పదియేడేండ్లు అది ఎవరికిని పట్టలేదు.

మూడవది మరింత విచిత్రము. ఆస్తి యేమియు లేని బీద ఋణగ్రస్తుల విముక్తికై ఇంగ్లండు, వేల్సులలో 2009నుండి ఒక సులభమార్గ మేర్పడెను. కాని దానికి 90 పౌండ్ల రుసుము చెల్లింపవలెను. దివాలా తీయుటకును డబ్బు లేనివారు నెలల తరబడి ఆ రుసుమునకై తిండి తగ్గించుకొనుచుండిరని సలహాదారులు తమ పట్టికలనుండి చూపుచు వచ్చిరి. 2024 ఏప్రిలు 6వ తేదీనుండి ఆ రుసుము రద్దయ్యెను. నాలుగవది, చాలకాలము పోరాడి సాధించినది: ఊపిరి పీల్చుకొను గడువు. సలహా కోరివచ్చినవానిపై అరువది దినములు వడ్డీ పెరుగరాదు, వసూలుదారు తలుపు తట్టరాదు. 2021 మే 4నుండి ఇది అమలులో నున్నది. మనోవ్యాధి ముదిరి చికిత్స పొందుచున్నవానికి ఆ చికిత్స ముగిసిన పిమ్మట మరి ముప్పది దినములవరకు ఈ రక్షణ గలదు.

ఈ సంస్థలు నిర్దోషములని మేము చెప్పము. స్టెప్‌చేంజ్ రాబడిలో అధికభాగము ఋణదాతల చందాలనుండియే వచ్చును. ఒకరి ఉప్పు తినుచు వారిపైననే సాక్ష్యము చెప్పుట కష్టము. గుమ్మము తొక్కినవారి లెక్కయే గాని, సిగ్గుచే ఇంటిలోనే కుమిలిపోవువారి లెక్క వారి పట్టికలలో రాదు. హృదయము కరగించు కథనే ఏరి చూపు ప్రలోభము ఎట్టి ప్రచారకునకైనను గలదు. ఈ మూడు ఆక్షేపణలును విలువగలవియే. వీనికి విరుగుడు మౌనము గాదు. లెక్క ఎట్లు కట్టితిమో బయటపెట్టుట, పరులచే పరీక్షింపజేయుట. 2018లో ఆ దేశపు ప్రభుత్వ లెక్కల తనిఖీశాఖయే ఈ విషయమును విచారించి, బాకీ వసూలులో మంచి పద్ధతుల నవలంబించుటయందు ప్రభుత్వశాఖలు ప్రైవేటు ఋణదాతలకంటె వెనుకబడియున్నవని తేల్చెను. ధర్మసంస్థల మొరలో నిజమున్నదని ప్రభుత్వపు సొంత గుమాస్తా సంతకము చేసినట్లయ్యెను.

ఇక మన సంగతి. ఈ మార్గము మనకు పూర్తిగ తెలియనిది గాదు. 1935లో సత్యనాథన్ గారు మద్రాసు రాజధానియందలి రైతుల ఋణభారమును విచారించి, అది సుమారు 200 కోట్ల రూపాయలని అంచనా వేసిరి. 1938లో రైతుఋణ విమోచన శాసనము వచ్చెను. 1932 అక్టోబరునకు పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ దానిచే రద్దయ్యెను. లెక్క ముందు, శాసనము వెనుక. 2010లో క్రమము తలక్రిందులయ్యెను. సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల వేధింపులతో పల్లెలలో ఆత్మహత్యలు జరిగినవన్న వార్తలు గుప్పుమన్న పిదప, అక్టోబరులో అత్యవసరశాసనము వచ్చెను. 2011లో అది చట్టమయ్యెను. ఇంటిముంగిట వసూలు కూడదనియు, వడ్డీ అసలును మించరాదనియు అది విధించెను. ఉద్దేశము మంచిదే. కాని వసూళ్లు స్తంభించుటతో క్రొత్త అప్పులును ఆగిపోయినవి. బీదరాలు మరల పాత వడ్డీవ్యాపారి గుమ్మమునకే పోవలసినదా అను ప్రశ్నకు సమాధానము చెప్పదగిన చిట్టా యెవరియొద్దను లేకపోయెను. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు చరవాణి అప్పుల యాపుల ముఠాలను పట్టుకొనినప్పుడును ప్రాణములు పోయిన పిదపనే లోకము మేలుకొనెను. రిజర్వు బ్యాంకు నియమించిన బృందము సుమారు 1,100 యాపులను లెక్కించి, వానిలో 600 చట్టవిరుద్ధములని తేల్చెను. 2022 సెప్టెంబరులో నిబంధనలు వచ్చెను.

అంకెలు మనకు లేకపోలేదు. 2019 నాటి జాతీయ సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున వ్యవసాయ కుటుంబములలో నూటికి 93, తెలంగాణమున నూటికి 91కి పైగా అప్పులలో నున్నవి. దేశమంతటికి సరాసరి 50. ఆంధ్రప్రదేశమున కుటుంబమునకు సగటు బాకీ 2,45,554 రూపాయలు. ఈ అంకెలు అప్పు బరువును చెప్పును. తలుపు తట్టినవా డెవడో, ఏ మాట అన్నాడో, ఏ కాగితముపై వ్రేలిముద్ర వేయించెనో, తీర్చినదానికి రసీదు ఇచ్చెనో లేదో అవి చెప్పవు. శాసనము మార్చునది ఈ రెండవ విధమైన జ్ఞానమే.

కావున మా సూచన యిది. ప్రతి పట్టణమున పఠనాలయము గలదు. న్యాయవాదుల సంఘము గలదు. 1987 నాటి శాసనము క్రింద ఉచిత న్యాయసేవా సంస్థలు గలవు. వారమునకొక పూట పఠనాలయములో ఒక బల్ల వేసి, ఇద్దరు న్యాయవాదులును, లెక్కలు తెలిసిన యొక యువకుడును కూర్చుండిన చాలును. వచ్చినవాని కాగితములు చదివి సలహా చెప్పవలెను. వాని పేరు వ్రాయక, అప్పు వివరములు మాత్రము ఒకే నమూనాలో వ్రాయవలెను: కారణము, అసలు, చెల్లించినది, వడ్డీరేటు, వసూలు చేసిన విధము. తీర్పులు చెప్పరాదు, నీతులు బోధింపరాదు. సంవత్సరాంతమున ఆ పుస్తకములోని సారమును, లెక్క కట్టిన పద్ధతితో సహా, అచ్చువేసి శాసనసభ్యులకును రిజర్వు బ్యాంకునకును పంపవలెను. ఋణదాత తప్పు లేనిచోట లేదనియు వ్రాయవలెను.

మహాసభలు జరుపుట మనకు తెలియును. తీర్మానములు చేయుట అంతకంటె బాగుగ తెలియును. తెలియనిది ఓపికతో చిట్టా వ్రాయుట. ఒక సాక్ష్యపు కాగితము చేతనున్న పేదవాని మాట న్యాయమూర్తి వినకతప్పదు. పదివేల కాగితములు చేతనున్న ప్రజల మాటను ఏ ప్రభుత్వమును చిరకాలము పెడచెవిని పెట్టజాలదు. ఈ ఆదివారమే ఏ పఠనాలయము ఆ మొదటి బల్ల వేయునో చూడ కుతూహలపడుచున్నాము.