రోజుకో తస్వీర్ అంటే రోజుకో స్టేటస్ కాదు



మన పిల్లలకి ఇప్పుడు కొత్త షౌక్ పట్టుకుంది, రోజుకో ఫోటో. మంచిదే. కానీ చంద్రగిరి కోటనీ, వానలకి దూకే కపిలతీర్థాన్నీ తీసిందే తీసి, స్టేటస్‌లో పెట్టి, "నూరు రోజులు పూర్తి" అంటే అది ఆదత్ అవుతుందేమో గానీ హునర్ కాదు. నిన్నటి తస్వీర్‌లో గల్తీ ఎక్కడుందో చూడనివాడు మొదటి రోజు ఫోటోనే నూరుసార్లు తీసినట్టు.

ముందు నన్ను నేనే అనుకోవాలి. మా నానీ ఇంతెకాల్ అయిన రోజు నా ఫోన్‌లో నాలుగు వేల ఫోటోలున్నాయి. కొండలు, మబ్బులు, బంగారుపాళ్యం మార్కెట్‌లో తోతాపురి రాశులు. నానీ మాత్రం ఒక పెళ్ళి గుంపులో సగం మొహం. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించాం. రోజూ నా కళ్ళముందే కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకున్న మనిషి!

"మంచి కెమెరా కొన్నాక నేర్చుకుంటా" అనేది ఉత్త బహానా. నేర్చుకోవాల్సింది రోష్నీ. మన ఎండలో జుహర్ వేళ తీస్తే కళ్ళ కింద నల్ల గుంటలు పడతాయి. ఇష్రాక్ వేళా, అసర్ దాటాకా వెలుగు ఏటవాలుగా వస్తుంది, మొహం మీద మెత్తగా పడుతుంది. ఈ గడియారం మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉంది కదా! అబ్బా తెల్ల కుర్తా వేసుకుని నల్లటి తలుపు ముందు నిలబడితే ఫోన్ ఆ నలుపుని చూసి వెలుగు పెంచేస్తుంది, కుర్తా సున్నం కొట్టిన గోడైపోతుంది. తెర మీద కుర్తాని తాకి, వెలుగు కాస్త తగ్గించాలి. నాకిది తెలియడానికి పదకొండు రోజులు పట్టింది, అదీ ఒకే తలుపు ముందు.

ఇక "పరదా ఇళ్ళల్లో ఇవన్నీ ఎందుకు" అనే బుజుర్గులు. తస్వీర్ మసలాలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ బహస్ నాది కాదు. కానీ పెళ్ళికి డ్రోన్ పిలిపించినవాళ్ళే ఈ మాటంటే నవ్వొస్తుంది. ఇండోర్‌లో సర్కారీ నౌకరీ చేస్తూ కెమెరా పట్టిన లాలా దీన్‌దయాళ్ తర్వాత ఆరో నిజాం దర్బార్ ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా ఆడవాళ్ళ కోసం వేరుగా జనానా స్టూడియో తెరిచాడు, లోపల కెమెరా పట్టింది కూడా ఆడమనిషే. అంటే పరదా పోకుండానే తస్వీర్ కావాలనుకున్న ఇళ్ళు అప్పుడే ఉన్నాయి. ఇవాళ ఆ స్టూడియో మీ ఇంటి ఆడపిల్ల చేతిలోనే ఉంది. తీసేముందు ఇజాజత్ అడగాలి, తీసింది ఇంట్లోనే ఉండాలి. అంతే.

ఇవాళ్టి నా ఫోటోలో అమ్మీ రొట్టె తిప్పుతోంది. చెయ్యి కదిలి మసకైపోయింది, వంటింట్లో వెలుగు చాల్లేదు. రేపు పీట కిటికీ దగ్గరికి జరపాలి. "నన్నెందుకు తీస్తావ్ రా, ఓణీ కూడా సరిగా లేదు" అంటుంది, రోజూ అనేదే.